జ్యూరీ షీట్లు పోర్ట్‌ఫోలియో కావు: మంగళగిరి మగ్గం ఇళ్ల థీసిస్‌తో మాస్టర్స్‌కి వెళ్లిన ఒక విద్యార్థిని కేస్ స్టడీ

విజయవాడలో చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసు నడుపుతూ, మాస్టర్స్‌కి దరఖాస్తు చేసే పిల్లల పోర్ట్‌ఫోలియోలు కూడా చూస్తుంటాను. ఏటా ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి బి.ఆర్క్ (ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ) పూర్తయినవాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకొని వస్తారు. ఎక్కువమంది తెచ్చే ఫైలు ఒకే రకంగా ఉంటుంది. ఐదేళ్లలో జ్యూరీలకు, అంటే కాలేజీలో సార్ల ముందు ప్రాజెక్టు చూపించే సమీక్షలకు, పెట్టిన ఏ1 షీట్లన్నీ చిన్నవి చేసి, ముందు కవరు, వెనక రెజ్యుమె తగిలించి పీడీఎఫ్ చేస్తారు. అందులో కష్టం కనిపిస్తుంది, మార్కులు వచ్చిన ప్రాజెక్టులూ ఉంటాయి. కానీ అది పోర్ట్‌ఫోలియో కాదు. ఎందుకు కాదో, దాన్ని ఎలా మార్చుకోవాలో ఒక్క కేసు పట్టుకొని మొదటి నుంచి చెబుతాను. ఆ అమ్మాయి ఒప్పుకొన్నాకే రాస్తున్నాను. పేరు, కాలేజీ చెప్పడం లేదు.

తెచ్చిన ఫైలు

అరవైకి పైగా పేజీలు. మొదటి ప్రాజెక్టు ఎయిర్‌పోర్టు టెర్మినల్. అలలా వంగిన పైకప్పు, లూమియన్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన సాయంకాలపు రెండర్లు (ఫొటోల్లా కనిపించే కంప్యూటర్ బొమ్మలు). తర్వాత ఒక హాస్టలు, ఒక మ్యూజియం, రెండో సంవత్సరంలో చేసిన ఇల్లు, ఒక ఆఫీసులో ట్రైనింగ్ చేస్తూ గీసిన అపార్ట్‌మెంటు. థీసిస్ అన్నిటికంటే చివర, యాభయ్యో పేజీ దాటాక. ఆ థీసిస్ మంగళగిరి నేతవాళ్ల ఇళ్లమీద.

"ఎయిర్‌పోర్టు ముందెందుకు పెట్టావమ్మా?" అని అడిగాను.

"జ్యూరీలో దానికే ఎక్కువ మార్కులొచ్చాయి సర్. రెండర్లు కూడా దానివే బాగున్నాయి."

"ఆ పైకప్పు అలా ఎందుకు వంగింది?"

కాసేపు ఆలోచించి, "సైటు పక్కన సముద్రం ఉంది సర్, అలల కాన్సెప్ట్," అంది. మంగళగిరి ఇళ్ల గురించి అడిగితే మాత్రం ఇరవై నిమిషాలు ఆపకుండా చెప్పింది. మగ్గం గుంత లోతు ఎంత, ఏ నెలలో నీళ్లు ఊరతాయి, పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు) సాగదీస్తే ఎన్ని ఇళ్ల ముందు దాకా వస్తుంది, అన్నీ నోటికి ఉన్నాయి. ఆ చెప్పిన వాటిలో పదో వంతు కూడా పేజీల మీద లేదు. కేసంతా ఇదే.

జ్యూరీలో షీటు గోడ మీద ఉంటే మనం పక్కన నిలబడి మాట్లాడతాం. షీటు చెప్పలేనిది నోరు చెబుతుంది. సార్లు అడిగితే వేలుపెట్టి చూపిస్తాం. పోర్ట్‌ఫోలియో చదివేవాళ్ల పక్కన మనం ఉండం. అడ్మిషన్ కమిటీ వాళ్లు వందల ఫైళ్లు తిరగేస్తారు, ఒక్కోదానికి ఇచ్చేది కొద్ది నిమిషాలే. కాబట్టి జ్యూరీలో నోటితో చెప్పిన ప్రతి ముఖ్యమైన మాటకూ ఇప్పుడు ఒక బొమ్మ కావాలి. పాత షీటు కుదిస్తే ఆ బొమ్మ రాదు, కొత్తగా గీయాలి. చాలామంది లేఅవుట్ అందం దగ్గర నెలలు గడుపుతారు గానీ ఈ పని మొదలే పెట్టరు.

కుదింపులో పోయేది

ఏ1 కాగితం 841×594 మిల్లీమీటర్లు. ఏ4 297×210. అంటే పొడవులో దాదాపు మూడో వంతుకు, కచ్చితంగా చెప్పాలంటే 0.35కి తగ్గుతుంది. ఏ1 మీద 2.5 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరం ఏ4 మీద 0.9 మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఎవరూ చదవలేరు. 0.18 మిల్లీమీటర్ల మందమున్న గీత 0.06 అయిపోతుంది, తెరమీద బూడిదరంగు మరకలా కనిపిస్తుంది. ఇంకా పెద్ద తప్పు స్కేలు. షీటు మీద 1:100 అని రాసి ఉంటుంది, కుదించాక అది 1:283 దగ్గరకు వెళ్లిపోతుంది, రాసింది మాత్రం 1:100 గానే ఉండిపోతుంది. ఈ అమ్మాయి ఫైల్లో ప్రతి ప్లానుకూ ఇదే జరిగింది. స్కేలు తప్పుగా రాసిన డ్రాయింగు చూసిన ఆర్కిటెక్టు మిగతావి కూడా నమ్మడు.

మేం మొదట చేసింది అంకెల స్కేళ్లు తీసేసి గీతల స్కేలు పెట్టడం. ఫైలు ఎంత కుదించినా, తెరమీద ఎంత పెద్దది చేసినా గీతల స్కేలు బొమ్మతోపాటే మారుతుంది. తర్వాత గీతల మందాలు మూడుకు తగ్గించాం. బొమ్మలో కోసినట్టు చూపే గోడకు 0.5 మిల్లీమీటర్లు, వెనక కనిపించేవాటికి 0.25, ఫ్లోరింగు, ఫర్నిచరు లాంటి వాటికి 0.13. పేజీ సైజులోనే ఆటోక్యాడ్ లేఅవుట్ పెట్టుకొని మళ్లీ ప్లాట్ (ప్రింటు) తీయించాను. ఏ1 నుంచి కుదించిన ఒక్క బొమ్మ కూడా మిగలకూడదని నియమం పెట్టుకున్నాం.

షీట్ల మీద జ్యూరీ కోసం ఉండే సరంజామా చాలావరకు తీసేశాం. సన్ పాత్ బొమ్మ, గాలి బాణాలు, బబుల్ డయాగ్రమ్, ఏరియా స్టేట్‌మెంట్, లిటరేచర్ స్టడీ. హౌసింగ్ థీసిస్ అనగానే మనవాళ్లందరూ పెట్టే ఇండోర్ నగరంలోని అరణ్య, నవీ ముంబైలోని బేలాపూర్ ఇళ్ల ప్రాజెక్టులు ఇక్కడా ఉన్నాయి. ఆర్కిటెక్టులు బి.వి. దోషి, చార్లెస్ కొరియా చేసిన ఆ పనులు చదవాల్సినవే. కానీ పోర్ట్‌ఫోలియోలో నాలుగు పేజీలు వాటికిస్తే చదివేవాళ్లకు వాళ్ల పని తెలుస్తుంది తప్ప ఈ అమ్మాయి పని తెలియదు. వాటినుంచి ఆమె తీసుకున్నది ఒకటుంది. ఇల్లు ఒకేసారి కట్టి ఇవ్వకుండా, ఒక గది, నీళ్లు, మరుగుదొడ్డితో మొదలుపెట్టి కుటుంబం పెంచుకునే పద్ధతి. దాన్ని తన ప్లాన్లోనే దశలుగా చూపించింది. అది సరిపోయింది.

రెండు సెక్షన్లు

ఇప్పుడు థీసిస్ దగ్గర కాస్త ఆగాలి. పోర్ట్‌ఫోలియో మలుపు తిరిగింది ఇక్కడే.

మంగళగిరిలో నేత గుంత మగ్గం మీద సాగుతుంది. నేలలో గుంత, దాని అంచున కూర్చొని కాళ్లు లోపలికి పెట్టి తొక్కుడు చెక్కలు తొక్కుతారు. నేలకు దగ్గరగా ఉండటం వల్ల నూలుకు చెమ్మ తగులుతుంది, పోగు ఎండిపోయి తెగదు. వానాకాలంలో మాత్రం గుంతలోకి నీళ్లు ఊరతాయి. మగ్గం ఆగుతుంది, ఆ రోజుల కూలి పోతుంది. నేత ఊళ్లు తెలిసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు.

ఆమె మొదటి డిజైనులో మగ్గాన్ని పిల్లర్ల మీద స్లాబుకు ఎక్కించింది. నీళ్ల బాధ పోయింది. కింద ఖాళీ జాగా కూడా వచ్చింది. ఆ డ్రాయింగు పట్టుకొని తాను కొలతలు తీసుకున్న ఇంటికి వెళ్లి చూపించింది. గుమ్మంలో కూర్చొని కండెలు (నూలు చుట్టే చిన్న గొట్టాలు) చుడుతున్న పెద్దావిడ చూసి, "స్లాబు మీద ఎండాకాలం పోగు నిలవదమ్మా, పటపటా తెగిపోద్ది. వానకి నీళ్లు తోడుకుంటాం, ఎండకి ఏం తోడుకుంటాం?" అందట.

దాంతో డిజైను మారింది. పిల్లర్లు పోయి మట్టి నింపిన ఎత్తైన అరుగు వచ్చింది. అరుగు ఎత్తు 900 మిల్లీమీటర్లు, అందులో గుంత లోతు 750. గుంత అడుగు రోడ్డు మట్టానికి 150 పైన ఉంటుంది. చుట్టూ మట్టే కాబట్టి చెమ్మ ఉంటుందని ఆమె అంచనా. అక్కడితో అయిపోలేదు. 900 ఎత్తంటే ఆరు మెట్లు. ఒక్కో అడుగు 300 చొప్పున మెట్లు దాదాపు మీటరున్నర ముందుకొస్తాయి. మామూలుగా అయితే వీధిలోకి దించేస్తాం. కానీ ఆ వీధిలో పొద్దున్నే పడుగు సాగదీసి గంజి పెడతారు. ఆమె కొలిచిన పడుగు ఆరిళ్ల గుమ్మాల ముందు దాకా వచ్చింది. మెట్లు బయటికొస్తే పడుగుకు దారి ఉండదు. అందుకని మెట్లను ఇంటి హద్దు లోపలికి తోసి, వాటి పక్కన అరుగును వరండాగా మిగిల్చింది. కండెలు చుట్టే పని అక్కడ జరుగుతుంది.

గుంతలో నీళ్ల దగ్గర మొదలైన ఆలోచన వీధి వెడల్పు దాకా వచ్చింది. ఒక్కో నిర్ణయం తర్వాతి నిర్ణయాన్ని లాక్కొచ్చింది. ఇంత ఉన్న థీసిస్‌లో పోర్ట్‌ఫోలియోకి ఎక్కింది చివరి ప్లాను, ఒక ఎలివేషను, పక్షి చూపు రెండరు. పిల్లర్ల సెక్షను (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగు) ఏదని అడిగితే, "అది తప్పు కదా సర్, తీసేశాను," అంది.

ఆ సెక్షను వెతికించి మళ్లీ గీయించాను. రెండు సెక్షన్లూ ఒకే స్కేల్లో, ఒకే నేల గీత మీద, ఒకే పేజీలో పక్కపక్కన. ఎడమవైపు పిల్లర్ల మీద మగ్గం, కుడివైపు మట్టి అరుగులో మగ్గం. రెండింట్లోనూ మనిషి అదే భంగిమలో కూర్చొని ఉంటారు, వాన నీటి మట్టం చుక్కల గీతగా రెండు బొమ్మల్నీ దాటి వెళుతుంది. మధ్యలో ఆ పెద్దావిడ మాట రెండు వరుసల్లో. ఈ పేజీ చూసినవాళ్లకు ఆమె ఏం మార్చిందో, ఎవరి మాట విని మార్చిందో, ఎందుకు మార్చిందో తెలిసిపోతుంది. ఎవరూ పక్కన నిలబడి చెప్పక్కర్లేదు.

మారిన డిజైనులో మొదటి రూపాన్ని దాచడం మన కాలేజీల అలవాటు. జ్యూరీలో "ముందు ఇలా అనుకున్నాను" అంటే మార్కులు పోతాయని భయం. మాస్టర్స్ కమిటీ చూసేది వేరు. ఈ విద్యార్థికి కొత్త విషయం ఎదురైతే డిజైను మార్చుకుంటుందా లేదా అన్నది వాళ్లకు కావాలి. మార్చుకున్న గుర్తు కాగితం మీద ఉంటేనే వాళ్లకు తెలుస్తుంది. అందుకే స్కెచ్‌బుక్కులు, చెరిపేసిన ప్లాన్లు, విరిగిన మోడల్ ఫొటోలు ఏవీ పారేయొద్దని రెండో సంవత్సరం పిల్లలకు కూడా చెబుతుంటాను.

ఒక జాగ్రత్త తీసుకున్నాం. మట్టి అరుగులో చెమ్మ నిలుస్తుందన్నది అంచనాయే, కట్టి కొలిచింది కాదు. ఆ మాట క్యాప్షన్లోనే రాయించాను. చేసి చూడనిదాన్ని రుజువైనట్టు రాస్తే, బిల్డింగ్ సైన్స్ తెలిసిన ఒక్క ప్రొఫెసర్ చాలు, మొత్తం ఫైలు మీద నమ్మకం పోవడానికి.

మూడో పేజీకి వీధి ప్లాను. అదే వీధి రెండుసార్లు గీసింది. పొద్దున పడుగు సాగినప్పుడు ఒకటి, మధ్యాహ్నం స్కూటర్లు, నీళ్ల డ్రమ్ములు నిండినప్పుడు ఒకటి. రెండర్ల కంటే ఈ బొమ్మకే ఎక్కువ సమయం పట్టింది. పట్టాలి కూడా.

ఏది ఉంచాం, ఏది తీసేశాం

థీసిస్ మొదటికొచ్చింది, పన్నెండు పేజీలు తీసుకుంది. ఎయిర్‌పోర్టు పూర్తిగా పోయింది. ఆమెకు బాధేసింది, ఒక సెమిస్టరు కష్టం అది. కానీ ఎందుకలా అన్న ప్రశ్నకు జవాబు లేని ప్రాజెక్టును పేజీల మీద పెడితే ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వస్తుంది. హాస్టలు ఉంచాం, నాలుగు పేజీలకు కుదించి. అందులో బట్టలు ఆరేసుకునే బాల్కనీల చుట్టూ ఒక మంచి ఆలోచన ఉంది. రెండో సంవత్సరం ఇల్లు తీసేశాం. చేత్తో గీసిన ఒక మెజర్డ్ డ్రాయింగు (ఉన్న కట్టడాన్ని కొలిచి గీసింది) మిగిల్చాం, పాత పెంకుటిల్లు, ఒక్క పేజీ. చెయ్యి తిరిగిందని చెప్పడానికి అది చాలు. మ్యూజియం నుంచి ఒక్క మోడల్ ఫొటో తప్ప ఏమీ రాలేదు.

ట్రైనింగ్‌లో చేసిన అపార్ట్‌మెంటు దగ్గర మాత్రం కొంచెం వాదించుకున్నాం. మాస్టర్స్‌కి ఆఫీసు పని ఎందుకని ఆమె వాదన. నేను ఒక్క పేజీ ఉండాలన్నాను. మెట్ల వర్కింగ్ డ్రాయింగు, రీన్‌ఫోర్స్‌మెంటుతో సహా. ఊహల పేజీల మధ్య నిజంగా కట్టిన వస్తువు ఒకటి ఉంటే మిగతావాటికి బరువొస్తుంది. కానీ ఆ ఆఫీసు అనుమతి ముందే తీసుకోవాలి. ఆఫీసు పేరు రాసి, అందులో తాను చేసింది ఏమిటో ఒక వాక్యంలో స్పష్టంగా చెప్పాలి: "మెట్ల డిటైల్, ప్లాట్ నా పని. డిజైన్ ఆఫీసుది." హాస్టలు ఇద్దరు కలిసి చేసిన స్టూడియో ప్రాజెక్టు కాబట్టి ఆ పేజీలోనూ ఎవరిది ఏ డ్రాయింగో రాసింది. నలుగురు కలిసి చేసిన పనిని ఒక్కరి పేరుతో పెట్టడం తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఒకే కాలేజీనుంచి ఇద్దరు ఒకే కోర్సుకు అదే బొమ్మ పంపిన సందర్భాలు నాకు తెలుసు.

ఏఐతో చేసిన బొమ్మల సంగతీ అంతే. ఆమె ఫైల్లో మూడున్నాయి, వీధి మూడ్ చూపించడానికి. తీసేయించాను. అందులోని మగ్గం మంగళగిరి మగ్గం కాదు, ఎక్కడిదీ కాదు. కొలతలు తీసి గీసిన డ్రాయింగుల పక్కన అలాంటి బొమ్మ పెడితే అసలు వాటి విలువ కూడా తగ్గుతుంది. వాడాలనుకుంటే వాడినట్టు రాయాలి, కాలేజీ నిబంధన ముందు చదవాలి.

మొత్తం ఇరవై నాలుగు పేజీల దగ్గర ఆగాం.

రాత

ఆమె మొదటి రాతలో ప్రతి ప్రాజెక్టుకూ ఒక పెద్ద పేరా ఉండేది. "స్థలానికీ మనిషికీ మధ్య సంభాషణ" లాంటి మాటలు. ఆ మాటలు ఏ ప్రాజెక్టు కింద పెట్టినా సరిపోతాయి, అంటే ఏ ప్రాజెక్టు గురించీ చెప్పవు. ఇంగ్లిష్‌లో రాయడానికి ఇబ్బంది పడుతుంటే ముందు తెలుగులో చెప్పమన్నాను. "వానకి గుంతలో నీళ్లు. అందుకని అరుగు లేపాను. మెట్లు వీధిలోకి రాకూడదు, ఎందుకంటే పడుగు." దాన్నే ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు చేసింది. మిగతా క్యాప్షన్లన్నీ అదే దారిలో వచ్చాయి. పేజీకి అరవై మాటలు మించకుండా, 9 పాయింట్ సైజుకు తగ్గకుండా.

పడుగు, కండె, అరుగు లాంటి మాటలు ఇంగ్లిష్ క్యాప్షన్లలో అలాగే ఉంచి, ఒక్కసారి బొమ్మలో బాణంతో చూపించింది. విడిగా పదకోశం అవసరం రాలేదు.

ఏ కోర్సుకి

పోర్ట్‌ఫోలియో తయారయ్యాక కోర్సు చూసుకుంటారు చాలామంది. ఈ రెండూ కలిసి నడవాలి. అమెరికాలో ఎం.ఆర్క్‌కి ప్రధానంగా రెండు దార్లు. వేరే డిగ్రీ చదివి ఆర్కిటెక్చర్‌లోకి వచ్చేవాళ్లకు మూడేళ్లకు పైబడిన కోర్సు, హార్వర్డ్‌లో దాన్ని ఎం.ఆర్క్-1 అంటారు. బి.ఆర్క్ లాంటి ప్రొఫెషనల్ డిగ్రీ ఉన్నవాళ్లకు ఎం.ఆర్క్-2. ఇంకా కొలంబియా అడ్వాన్స్‌డ్ ఆర్కిటెక్చరల్ డిజైన్, ఎంఐటీ ఎస్‌ఎంఆర్క్స్ లాంటి ఎంఎస్ కోర్సులున్నాయి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఎం.ఆర్క్-2కీ, ఈ ఎంఎస్ కోర్సులకే. అయితే ఒక సంగతి ఇంట్లో అప్పు మాట్లాడుకునే ముందే తెలుసుకోవాలి. ప్రొఫెషనల్ డిగ్రీ తర్వాత చేసే ఈ పోస్ట్-ప్రొఫెషనల్ కోర్సులకు అమెరికా అక్రెడిటింగ్ బోర్డు నాబ్ గుర్తింపు ఉండదు. అక్కడే లైసెన్స్ తీసుకొని స్థిరపడాలనుకునేవాళ్లకు మన బి.ఆర్క్‌ను విడిగా మదింపు చేయించుకోవాల్సి వస్తుంది.

ఈ అమ్మాయి సీనియర్లు చెప్పారని కొలంబియా ఒకటే రాసుకొచ్చింది. ఆ కోర్సు గొప్పదే. కానీ మగ్గం గుంత నుంచి వీధి దాకా వెళ్లిన ఈ పనికి దగ్గరగా ఉన్న చోట్లు వేరే ఉన్నాయి. బెల్జియంలో కేయూ లూవెన్ హ్యూమన్ సెటిల్‌మెంట్స్, లండన్ యూసీఎల్‌లో డెవలప్‌మెంట్ ప్లానింగ్ యూనిట్ నడిపే బిల్డింగ్ అండ్ అర్బన్ డిజైన్ ఇన్ డెవలప్‌మెంట్, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో అర్బనిజం ట్రాక్, హార్వర్డ్‌లో అర్బన్ డిజైన్. అక్కడి విద్యార్థుల పనులు, పాఠాలు చెప్పేవాళ్ల పరిశోధనలు చూసి తన జాబితా తానే తయారు చేసుకుంది. కొలంబియా కూడా ఉంచింది.

ఒక్కో చోట ఒక్కో నిబంధన. పేజీల పరిమితి ఒకచోట, ఎంబీల పరిమితి ఇంకోచోట. రెండు పేజీల స్ప్రెడ్‌ను (పక్కపక్కన తెరిచిన రెండు పేజీలు కలిపి ఒకటిగా) ఒక పేజీగా లెక్కిస్తారా, రెండుగానా అన్నది కూడా మారుతుంది. ఇవి ఏటా మారతాయి కాబట్టి సీనియర్ పంపిన వాట్సాప్ మెసేజీ మీద ఆధారపడొద్దు. ఆమె పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఒక అసలు ఫైలు పెట్టుకొని, దాన్నుంచి ఒక్కో కోర్సుకూ ఒక్కో పీడీఎఫ్ తీసింది. లూవెన్‌కి వీధి ప్లాన్లు ముందు, కొలంబియాకి రెండు సెక్షన్లు ముందు. పేజీలు అవే, వరుస మారింది.

ఫైలు

ఆమె స్ప్రెడ్లు కావాలంది. రెండు ఏ4 అడ్డం పేజీలు కలిస్తే 594×210 అవుతుంది. ల్యాప్‌టాప్ తెరమీద అది సన్నటి పట్టీలా కనిపిస్తుంది, పైనా కిందా కలిపి మూడో వంతుకు పైగా ఖాళీ. చదివేది తెరమీదే కాబట్టి ఒంటి అడ్డం పేజీలే పెట్టాం.

ఇంకొకటి, ఎవరూ ముందుగా చెప్పనిది. ఆటోక్యాడ్ నుంచి హ్యాచ్‌లతో (ఖాళీల్లో నింపే గీతల నమూనాలతో) సహా వెక్టర్ పీడీఎఫ్, అంటే గీతలు గీతలుగానే ఉండే పీడీఎఫ్ తీస్తే, ఫైలు చిన్నదే అయినా పేజీ తెరుచుకోవడానికి సెకన్లు పడుతుంది. గడ్డి, టైల్స్, పెంకులు అన్నీ వేలకొద్దీ గీతలుగా ఒక్కొక్కటే వస్తుంటాయి. వీధి ప్లాన్లకు ఇలాగే జరిగింది. ఆ ప్లాన్లను 300 డీపీఐ బొమ్మలుగా మార్చి పెట్టాం. సెక్షన్లు వెక్టర్‌గానే ఉంచాం, పెద్దది చేసి చూసినా గీత పగలకూడదని. ఫొటోలు 150కి తగ్గించాం. చివరికి ఫైలు 14 ఎంబీకి వచ్చింది. దాన్ని పాత ల్యాప్‌టాప్‌లో, ఫోన్లో, ఆర్కిటెక్చర్ తెలియని వాళ్ల నాన్నగారి చేతిలో పెట్టి చూసుకుంది. ఆయన రెండు సెక్షన్ల పేజీ దగ్గర ఆగి, "ఈ మట్టి ఎవరు పోస్తారమ్మా, ఖర్చెంత?" అన్నారట. ఆ ప్రశ్నకు జవాబుగా ఒక చిన్న బొమ్మ చేర్చింది. పునాదులు తవ్వగా వచ్చే మట్టి ఎంత, అరుగుకి కావాల్సింది ఎంత, బయటినుంచి తేవాల్సింది ఎంత.

ఏమైంది

అన్ని చోట్లా రాలేదు. అమెరికాలో ఒకచోట కాదన్నారు, ఇంకోచోట వెయిట్‌లిస్టు పెట్టి చివరికి సీటిచ్చారు గానీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. యూరప్‌లో రెండు చోట్ల వచ్చింది. ఒక ఇంటర్వ్యూ దాదాపు మొత్తం సెక్షన్ల పేజీ మీదే నడిచింది. ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్లలో, పైకప్పు ఎత్తు మారకుండా, అరుగు ఎలా లేపుతావని అడిగారు. తన డిజైను కొత్త ఇళ్లకే సరిపోతుందని, పాత ఇళ్లకు ఇంకా దారి దొరకలేదని సూటిగా చెప్పింది. ఆ కోర్సులోనే చేరింది, ఫీజు లెక్క కూడా అక్కడే కుదిరింది.

ఇప్పుడు రెండో సంవత్సరం. పార్ట్‌టైమ్ ఉద్యోగాల కోసం ఆఫీసులకు పంపడానికి వేరే ఫైలు తయారు చేస్తోంది. ఆఫీసులకు ఇరవై నాలుగు పేజీలు అక్కర్లేదు, ఎనిమిది చాలు. దానికి మెట్ల వర్కింగ్ డ్రాయింగు మొదటి పేజీకొచ్చింది.